చదివినవే ఇంట్లో

ముత్తుకూరులో కొత్తగా బాగుచేయించిన ఇల్లు. లోపల క్రీస్తుదాసు, అతని భార్య ఎలిశబెతు. వాకిట్లో మాథ్యూ ట్రాలీ ఆటో.

“...మాట తప్పేది లేదు ఎలిశబెతూ. నేనిచ్చిన నెల గడువు అయిపోయింది. చదివిన పుస్తకాలు ఇంట్లో ఉంచుకో, చదవనివి పాతసామాన్లోడికి. ఆ రోజే చెప్పినానా లేదా?”

“చెప్పినావు. విన్నా.”

“విన్నావంటే ఒప్పుకున్నట్టే! ఆ పుస్తకాల పెట్టెలు ఎన్నుండాయో చూడు. టేపు కూడా తియ్యలా. స్కూలుకు సెలవు పెట్టి మరీ ఏం చదివినట్టు?”

“చదవాల్సినవి చదివినా.”

“అన్నం ఉడికిందో మాడిందో పట్టలా. పాస్టరుగారు గృహప్రార్థనకు వస్తే, అప్పుడు కూడా ఒళ్ళో పుస్తకం!”

“ప్రార్థన అయిపోయి బిర్యానీ తింటున్నారు అప్పటికి. దేవుడికేం కోపం రాలా. నీకే వచ్చింది.”

“రాదా మరి? ఈ ఇల్లు బాగుచేయించింది నేను. సిమెంటు దుమ్ములో ఎండలో నిలబడింది నేను.”

“కట్టింది మా నాయన. నా పేరున రాసిచ్చింది ఆయన. నడిమింట్లో గోడ నిండా పుస్తకాల అలమార పెట్టించింది కూడా ఆయనే. నన్ను మా పిన్నమ్మ ఇంట్లో కూర్చోబెట్టి దాన్ని పగలగొట్టించినావు.”

“మళ్ళీ అదే! టీవీ ఎక్కడ పెట్టమంటావు, నెత్తి మీదా? సర్దుకోవాల. పెళ్ళయి ఇన్నేళ్ళయినా నీకు కాస్త సర్దుకోవడం రాలేదు.”

“ఎందుకు రాలా? వంటింటి కిటికీ మూసేస్తే సర్దుకున్నా. మా అమ్మ పెట్టిన గులాబి చెట్టు పీకేసి మెట్లు కట్టిస్తే సర్దుకున్నా.”

“అదుగో, నవల్లో మాటలు! నెలంతా చదివి నేర్చుకుంది ఇదే.”

“ఇంకోటి కూడా నేర్చుకున్నా.”

“ఏంది?”

“నువ్వు పలక్కపోతే ఎంత హాయిగా ఉంటాదో. అలిగినావు గదా, నెలంతా నాతో మాట్లాడలా. చదువుకుంటా చదువుకుంటా ఒకరోజు గట్టిగా నవ్వినా. నా నవ్వు విని నేనే ఉలిక్కిపడినా. ఎన్నేళ్ళయిందో, నేనట్టా నవ్వి.”

“నవ్వు, బాగా నవ్వు. బయట ఆటో ఎవుర్ది? మాథ్యూదా? నువ్వే పిలిపించినావా?”

“నేనే.”

“పర్లేదే, దారికొచ్చినావు! మాథ్యూ, లోపలికి రా. ఈ పెట్టెలన్నీ ఎక్కించు.”

“వస్తన్నా అన్నా.”

“ఏందే, అడ్డం రావా? ఏడవ్వా?”

“ఏడవడం దేనికి? ఆ చివర నేను పట్టుకోనా?”

“అక్కర్లా. అబ్బ, ఏం బరువే ఇది!”

“ఇన్నాళ్ళు మోసింది నేను. నాకు తెలీదా?”

“ఊఁ... చదివినవి మరి? అవి ఏవీ, ఎన్ని?”

“అన్నీ.”

“అన్నీ ఏంది?”

“అన్నీ చదివినా. నా గదిలో మంచం మీద పేర్చి పెట్టినా, పోయి చూసుకో.”

“అన్నీ చదివితే ఈ పెట్టెల్లో ఉండేదేంది?”

“ఒక్కో పెట్టె ఖాళీ అయింది. ఊరికే పారేయడమెందుకని రాత్రి నువ్వు నిద్రపోయినాక మళ్ళీ నింపి టేపేసినా.”

“అన్నా, అన్నీ ఎక్కినాయి. నువ్వు నా పక్కన కూర్చుంటావా, వెనకాల పెట్టెలు పట్టుకోని కూర్చుంటావా?”

“నేనెందుకయ్యా కూర్చునేది? పాతసామాన్ల కొట్టు మన వీధి చివరే గదా!”

“పాతసామాన్లేంది అన్నా? నీ బట్టలు, బూట్లే గదా ఇవి. బిట్రగుంటలో క్యాథరినక్క ఇంటి కాడ నిన్ను దించి రమ్మని వదిన పొద్దున్నే చెప్పింది.”

“ఎలిశబెతూ! ఏందే ఇది? మా అక్కకు ఉండేదే ఒక్క గది...”

“ఫోన్ చేసి అడిగినాలే. సర్దుకుంటానంది.”