బొంత కట్టని గోడ

1969, చిక్కడపల్లి. నడుమ ఒకే గోడ ఉన్న రెండు వాటాల ఇల్లు. ఒక వాటాలో పింఛను పుచ్చుకుంటున్న కిషన్ రావు ఒక్కడే ఉంటాడు. సాయంత్రం. అతని ముందు గదిలో, రేడియోలు బాగుచేసే గోవర్ధన్ బయటి చప్పుడు రాకుండా బొంతలు కట్టడానికి గోడలకు మేకులు కొడుతున్నాడు.

“ఆ గోడకొద్దు గోవర్ధన్. ఆ గోడకు బొంత కట్టకు.”

“గదేంది సార్! అన్ని గోడలకు కట్టి గా ఒక్క గోడ ఇడిచిపెడితే ఏం ఫాయిదా? పక్కింటి సప్పుడంత గాడికెంచే వస్తది.”

“రానీ.”

“రానీ అంటరేంది? సితార్ రికార్డు చేసుకుంట అన్నరు గద. మీరిక్కడ సితార్ వాయించంగ ఆ పక్క గిన్నెలు దొర్లినయనుకోండ్రి, మైకు రెండింటినీ పట్టుకుంటది. దానికేమెరుక, ఏది మీదో ఏది వాళ్లదో!”

“నువ్వు కిటికీకి కట్టు. రిక్షాల గంటలు రాకుండ చూడు. తలుపుకు కట్టు. ఫ్యాన్ బంద్ చెయ్యి. నల్ల కింద బకీట్ల గుడ్డ ఏసిన, చుక్క పడ్డా వినబడది.”

“అన్నీ మంచిగనే చేసిన్రు. స్టాండు కొంటే ఎక్కువైతదని దోమతెర కర్రకు మైకు కట్టిన. సూడుండ్రి, ఎంత మంచిగున్నదో! టేపు మిషిను పాతదే గని జర్మనీది. సుల్తాన్ బజార్ల వాడు ఉత్తగ మూలకు పడేసిండు దీన్ని. టేపు తాకేటి తల ఒక్కటి స్పిరిట్‌తోని తుడిచిన, నిమ్మళంగ తిరుగుతున్నది. తక్కువ ఖర్చుల అయిపాయె మన పని. ఒక్కటే భయం సార్. వీధి దీపాలు ఎలగంగనే కరెంటు తగ్గుతది, మిషిను మెల్లగ తిరుగుతది. మల్ల వినేటప్పుడు మీ సితార్ చిన్నపిల్లల ఏడుపు లెక్క వినబడ్తది. అందుకే జల్ది మొదలుపెట్టాలె.”

“మైకు జర ఇటు జరుపు.”

“ఎటు?”

“ఇటు. గోడ దిక్కు.”

“మీరు కూసునేది ఆడ గద సార్?”

“జరుపుమంటున్న గద.”

“జరిపిన.”

“ఇంక జర.”

“ఇంక జరిపితే మైకు గోడకు ముద్దు పెడ్తది. సార్, ఆ సితార్ ఇటియ్యుండ్రి, ఒక్కపారి మోగించి సూద్దాం… అరె. దీని తీగెలేవి?”

“ఉన్నయి.”

“ఒక్కటున్నది. గది గూడ తుప్పు పట్టింది.”

“పెండ్లప్పుడు మా మామ ఇచ్చిండు అది. విద్యావతి నేర్చుకుంట నేర్చుకుంట అన్నది. నేర్చుకోలే.”

“మరి మీరు?”

“నాకేం వస్తది?”

“సార్, నిజం చెప్పుండ్రి. ఏం రికార్డు చేస్తున్నరు మీరు?”

“మెల్లగ మాట్లాడు. తలుపు దగ్గరికెయ్యి, చెప్త. పక్క వాటాల అన్నపూర్ణమ్మ అని ఉంటరు. విశ్వేశ్వరరావు గారి భార్య. కోస్తా దిక్కు వాళ్లు. రోజు దీపం పెట్టినంక వీణ వాయిస్తరు.”

“వీణనా! గట్ల చెప్పాలె గద! నేను సితార్ సితార్ అనుకుంట…”

“మా విద్యావతి పోయినంక ఈ ఇంట్ల మనిషి సప్పుడు లేదు గోవర్ధన్. పొద్దంత రేడియో పెట్టుకుంట. అది ఊరందరితోని మాట్లాడుతది గని నాతోని మాట్లాడది గద. పొద్దుగూకినంక ఆ వీణ మొదలైతది. ఇగో ఈ కుర్చీల, గోడకు తల ఆనిచ్చి కూసుంట. అన్నం గూడ గప్పుడే తింట. ఒక్కన్ని తింటున్నట్టు అనిపించది.”

“అయ్యో సార్…”

“రేపటి సంది అది గూడ లేదు. ఈ తెలంగాణ గడబడల్ల ఇక్కడ ఉండలేమని ఆయన గుంటూరుకు బదిలీ చేయించుకున్నడు. ఇయ్యాల రాత్రి బండికే పోతున్నరు. పట్టుకుంటే ఇయ్యాల పట్టుకోవాలె. తప్పితే ఇగ లేదు.”

“అడగొచ్చు గద! ‘అమ్మా, ఒక్క పాట వాయించుండ్రి, టేపు చేసుకుంట’ అంటే వద్దంటరా?”

“ఎట్ల అడుగుత? ఒంటిగ ఉన్నోన్ని. పరాయి ఇంటి ఆడమనిషిని, నీ వీణ నా ఇంట్ల పెట్టుకుంట అని ఎట్లడుగుత? ఆయన ఏమనుకుంటడు? అసలే ఊరంత మీరు మేము అని కొట్లాడుతున్నది. గేటు కాడ ఎదురుపడితే నమస్కారం, గంతే మా ముచ్చట. ఇన్నేండ్ల సంది గంతే… ఏంది, అట్ల నిలబడ్డవ్? టేపు ఎక్కియ్యి.”

“సార్…”

“ఏంది?”

“తప్పైంది సార్.”

“మిషిను ఖరాబైందా?”

“మిషిను బాగనే ఉన్నది. నేనే… మేకులు తెద్దామని బయటికి పోయిన గద. వాళ్ల గుమ్మంల అమ్మ నిలబడ్డరు. ‘కిషన్ రావు సార్ ఇయ్యాల సితార్ రికార్డు చేస్తున్నరు, జర సప్పుడు కాకుండ చూడుండ్రి’ అని చెప్పిన.”

“గోవర్ధన్!”

“నాకేమెరుక సార్! మీరు సితార్ అంటిరి…”

“ఏమన్నరు? ఆమె ఏమన్నరు?”

“‘అయ్యో, అలాగే’ అన్నరు. మంచిగనే అన్నరు.”

“నీ మంచి తగలబడ! పో, మల్ల పోయి చెప్పు. ఏం ఫికర్ లేదు, వాయించుకోమని చెప్పు. ఉరుకు!”

“పోతున్న, పోతున్న… సార్, అమ్మనే ఇటు వస్తున్నరు.”

“కిషన్ రావు గారూ! లోపలికి రావచ్చాండీ? రికార్డింగు మొదలెట్టేశారేమోనని భయపడుతూనే వచ్చాను.”

“లేదమ్మా, లేదు. రాండ్రి అన్నపూర్ణమ్మ గారూ. కూసోండ్రి.”

“కూర్చునే వ్యవధి లేదండీ. మావారు రిక్షా కోసం నారాయణగూడ వైపు వెళ్ళారు. చెప్పకుండా వెళ్ళిపోతే బాగుండదని వచ్చాను. అబ్బ, ఎన్ని బొంతలు కట్టించారండీ! మీకు సంగీతం వచ్చని ఇన్నేళ్ళూ నాకు తెలియనే తెలియదు సుమండీ.”

“నాకేం రాదమ్మా. మీరు… మీరు ఇయ్యాల వాయించరా?”

“అయ్యో, లేదండీ! ఈ అబ్బాయి చెప్పగానే తీగలు వదులు చేసి వీణ పెట్టెలో పెట్టేశాను. నిజానికి ఆఖరుసారి వాయించుకుందామనే దాన్ని లారీలో వేయించకుండా అట్టే పెట్టుకున్నాను. పోనిద్దురూ.”

“తియ్యుండ్రమ్మా. మల్ల బయటికి తియ్యుండ్రి. మాకేం తొందర లేదు. ఏం గోవర్ధన్, మనకేమన్న తొందరనా?”

“ఏం తొందర లేదమ్మా! రాత్రంత కూసుంటం.”

“మళ్ళీ బిగించి శ్రుతి చేసేలోగా రిక్షా వచ్చేస్తుందండీ. మీరేమీ మొహమాటపడకండి. అసలు నేనే మీకు క్షమాపణ చెప్పుకోవాలి.”

“మీరా? నాకెందుకు?”

“ఇన్నేళ్ళూ విసిగించాను కదండీ. పాపం మీరు నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. రోజూ ఎక్కడో ఒకచోట ఇక భరించలేక గోడ మీద తట్టి ఊరుకునేవారు.”

“గోడ మీదనా?”

“నాకు వినపడేదండీ. ఉంగరంతో కాబోలు, టకటకమని. వినపడగానే ఆపేసేదాన్ని. ‘ఆయనకి కష్టంగా ఉంటే ఎందుకే ఆ వాయించడం’ అని మావారు కోప్పడేవారు కూడా. ఒక పూట మానేస్తే చెయ్యి ఊరుకునేది కాదు, మళ్ళీ మర్నాడు మొదలెట్టేదాన్ని. ఏమండీ? అలా చూస్తారేం?”

“అమ్మా… అది ఆపమని కాదు.”

“మరి?”

“మా దిక్కు మెహఫిల్ల మంచిగ పాడినప్పుడు వాహ్ వా అంటరు. నేను ఒక్కన్ని. గోడకు ఈ పక్క కూసోని, పరాయి ఇంటి ఆడమనిషికి వాహ్ వా అని ఎట్లంట? నోరు మూసుకున్న. చెయ్యి ఆగలే. గంతేనమ్మా. గంతే.”

“అయితే నేను ఆపేస్తే మీరు…”

“పాట అయిపోయిందనుకున్న. మీ దిక్కు పాటలు గట్లనే ఉన్నట్టుండి అయిపోతయేమో, నాకేమెరుక అనుకున్న.”

“అమ్మా, మీ సారు రిక్షా తెచ్చిన్రు. పిలుస్తున్నరు.”

“వస్తున్నానని చెప్పు నాయనా… కిషన్ రావు గారూ, అయితే మీకు బాగా నచ్చిన చోట తట్టేవారన్నమాట.”

“అవునమ్మా. మస్తు నచ్చినకాడ.”

“అక్కడే ఆపేశానండీ. ఈ ఇంట్లో ఇన్నేళ్ళూ నేను ఒక్క పాటా చివరిదాకా వాయించలేదు.”