విత్తనం సాలు

నెమళ్ళంట. పోయిన వారం నేనడిగినప్పుడు ఇదే పీట మీద కూసోని అదే మాట చెప్తివి గదయ్యా. గట్టు వారన సాల్లో ఎవురో అనపకాయలు కోసుకపోతాండారు మొర్రో అంటే, తలకాయ కూడా ఎత్తకుండా "నెమళ్ళేమోలే జయా" అంటివి. నెమలి కాయను కాడతో గిల్లుతాదా? తీగ తెగకుండా, పక్కనుండే పూత రాలకుండా? అంత పనితనం ఉండే నెమలైతే దాన్నే కూలికి పిలుచుకోనుందుము.

లేయొద్దు, కూసో. సంగటి ఇంకా ఉండాది. కూర కూడా ఉండాది. తింటానే విను.

ఆ సాలు గురించి నీకు కొత్తగా చెప్పల్లా? శెనక్కాయ పెరికినాక చేన్లో నిలబడిండే అనపంతా పుంగనూరు అంగట్లో తెచ్చిన విత్తనమే. కాయ పెద్దదే, సూసేదానికి బాగనే ఉంటాది, ఉడకబెడితే వాసనే రాదు. ఆ ఒక్క సాలే మా అమ్మింటి నాటుది. పోయినేడు వానకి కుండలో బూజు పట్టి అంతా పోగా గుప్పెడు మిగిలింది. ఆ గుప్పెడు ఒక సాలుకి వచ్చింది.

దాన్ని పచ్చికాయ కోయొద్దు, తీగ మీదనే ఎండల్ల, ఎర్రమన్ను పట్టించి దాచి పెట్టుకోవల్ల, లేదంటే ఇంక ఆ జాతే మనకుండదు అని చెప్పినానా లేదా? కుప్పంలో ఉండే నీ కూతురు వెన్నెల కూడా ఫోన్ చేసినప్పుడంతా అదే మాట. "మా, నాకొక దోసెడు తీసిపెట్టు, ఈడ యాడా దొరకలేదు" అని.

అట్లాంటి సాల్లో కాయలు పోతాంటే నాకు నిద్ర యెట్ల పడతాది?

ముందు మేకలోళ్ళ మీద పోయింది అనుమానం. వాళ్ళెనక చేను చుట్టూ తిరిగినా కూడా. మేకైతే ఆకు తింటాది, తీగ లాగతాది. ఇది ఆ పని కాదు. ఇది తెలిసిన చెయ్యి. గింజ నిండిన కాయ ఏదో, నిండంది ఏదో పట్టి చూసి మరీ గిల్లిన చెయ్యి.

తెలిసిన చెయ్యి అనుకుంటానే నీ తమ్ముని పెండ్లాం తోచింది నాకు. యాల తోచదు? గట్టుకి ఈ పక్క మనము, ఆ పక్క చెంగల్రాయుడు. పంపకాలైనప్పటి నుంచి కౌసల్య ఆ గట్టు మీద గడ్డి కోసే నెపంతో నిలబడి మన చేను దిక్కే సూస్తా ఉంటాది.

ఒకనాడు పొద్దున్నే పేడ ఎత్తుకపోయినట్ల పోయి వాళ్ళ పెంటదిబ్బ చూసినా. అట్ల సూడొద్దు. ఇంకొకరి దిబ్బ గెలికేది తప్పే. చూస్తే అనప తొక్కలుండాయి. అంచు పొడుగునా ఊదా గీత. ఆ గీత మా అమ్మ విత్తనానికి తప్ప ఇంక దేనికుండాది? సదుం సంతలో చూపిచ్చు, పెద్దపంజాణిలో చూపిచ్చు, నేను ఒప్పుకుంటా. ఒక తొక్క కొంగున ముడేసుకోనొచ్చినా.

మరుసటి దినం కొళాయి కాడ మెల్లగ కదిలించినా. "ఏం కూర కౌసల్యా" అంటి. బిందె నిండి నీళ్ళు పొర్లిపోతాండాయి, అది కూడా సూసుకోకుండా "వంకాయక్కా" అనింది. వాళ్ళింట్లో నుంచి అనప పితికిపప్పు వాసన వీధి కొసదాకా వస్తాండాది. చెక్కా లవంగం, ధనియాలు, కొబ్బెర, అన్నీ ఏసి నూరినట్టుంది. వంకాయకి అంత సంబరం ఎవురు చేస్తారు?

అప్పుడే నిన్ను కంప ఏసి రమ్మంటి. నువ్వు పోయి ఏసొచ్చినావు. గట్టు పొడుగునా బాగనే ఏసినావు, ఒక మూల మటుకు మనిషి దూరేంత సందు ఇడిసిపెట్టినావు. యాలయ్యా అంటే కంప చాల్లేదంటివి. నమ్మినా. ఊర్లో అందర్నీ అనుమానపడే దాన్ని, ఆ సందు చూసి కూడా నిన్ను నమ్మినా.

ఇంకొంచెం కూర ఏసుకో. మొహమాటమెందుకు, మన కూరే.

ఈపొద్దు మధ్యాన్నం ఇంకొక పని చేసినా. ఈ కూరే గిన్నెలో ఏసుకోని కౌసల్య ఇంటికి పోయినా. పెట్టేదానికి కాదు. "తినమ్మా, దొంగతనంగా యాల, అడిగుంటే నేనే చేసి పెట్టుందును" అని వీధిలో నలుగురు వినేటట్ల అనేసి రావల్లని. దోవ పొడుగునా ఆ మాటలే కూర్చుకుంటా పోయినా. తొక్క కూడా కొంగులోనే ఉండాది, సాక్ష్యానికి.

నేను నోరు తెరిచే లోపల అది గిన్నె అందుకోని గబగబా లోపలికి పోయి మీ అమ్మ తట్టలో ఏసింది. అత్తకి కండ్లు ఆనవు గదా, నేను వాకిట్లో నిలబడిండేది ఆమెకి తెలీదు. రెండు ముద్దలు తినింది. "కౌసల్యా, ఈపొద్దు పప్పు పొట్టు లేకుండా పితికినావే, బాగ కుదిరింది" అనింది.

నా కూడు గొంతు దిగదని పంపకాల నాడు పెద్దమనుషుల ముందర చెప్పి తమ్మునింటికి పోయిన మనిషి. నా కూర తిని కౌసల్యని మెచ్చుకునింది.

దాంతో ఊరుకునిందా? "ఇవి మొన్న ఓబులేసు తెచ్చిన కాయలేనా? పాపం, పెండ్లానికి తెలీకుండా కోసుకొస్తాండాడు నా బిడ్డ" అనింది.

కౌసల్య నా మొకం చూసింది. నేను గడప చూసినా.

మింగు ముందు, పొలమారతాది. నీళ్ళు తాగు.

అంతా కౌసల్యే చెప్పిందిలే. అత్తకి పండ్లు లేవు, పితికిపప్పు తప్ప ఇంకోటి నమల్లేదు, అంగడి విత్తనం కాయ పెడితే ఇది మట్టిలాగుండాదని పక్కకి తోసేస్తాదంట. "అక్కకి చెప్పొద్దని బావ ఒట్టు పెట్టించుకున్యాడక్కా, అందుకే వంకాయ అని చెప్పినా" అనింది. దాన్ని నేను మనసులో ఎన్ని తిట్లు తిట్టినా. ఏదీ దానికి చెందేది కాదు.

సరేలే. ఇప్పుడు చెప్పు, కూర యెట్లుండాది? వాసన పట్టుకున్యావా? అంగడి విత్తనానికి ఈ వాసన వస్తాదా?

చెయ్యి ఆపినావే.

అవును, ఆ సాలే. నిన్న నువ్వు టమాటా క్రేట్లేసుకోని మదనపల్లె మండీకి పోయినాక చేనికి పోయినా. సూస్తే సగం సాలు బోసిపోయుండాది. ఆడనే కూలబడి ఏడ్చినా. ఇంక ఎండేదాకా కౌసల్య ఉంచదు, అంతా దాని పొయ్యిలోకే పోతాది, దాని పాలయ్యే దానికన్నా మనమే తినేస్తే పోతాది అనుకున్నా. లేతది, ముదురుది, గింజ పట్టంది, ఒక్క కాయ ఇడిసిపెట్టలా. తీగలు పెరికి ఆవుకేసినా. నానబెట్టి పొద్దున్నంతా పితికినా. పితికేటప్పుడు సంతోషంగానే ఉండింది, దొంగదాని నోట్లో మన్ను కొట్టినానని.

విత్తనం కుండ దించి సూడొద్దు. అంతా పితికేసినా. పితికిన పప్పు మొలుస్తాదా? వెన్నెలకి ఫోన్ నువ్వే చెయ్యి, నాకు నోరు రాదు.

నాకొక్క మాట చెప్పుంటే ఏం పోయేదయ్యా? ముసలామెకి గుప్పెడు గింజలియ్యనంత కసాయిదాన్నా నేను? నేనే వలిచి, నేనే పితికి, వేడివేడిగా పంపించుందును గదా. ఇంత దూరం వచ్చుండునా?

యాల అట్ల చూస్తావు?

పంపించుండను. ఒక్క గింజ కూడా ఇచ్చుండను. నా కూడు దిగని గొంతుకి నా విత్తనం యెట్ల దిగతాదని ఆమె మొకం మీదనే అడిగుందును. అది తెలిసే గదా నువ్వు నన్నడగలేదు.