పొద్దుటి శాంపిల్

ఢిల్లీ మునిర్కాలో ఒక అద్దె గది. యూనివర్సిటీలో రోగాల జీవశాస్త్రం చదువుతున్న అనూహ్య ప్రాక్టికల్ క్లాసు నుంచి వచ్చి గుమ్మంలోనే ఇరుక్కుపోయింది పాపం. గదిలో ముందునుంచీ ఉంటున్న ప్రణతి ఆమెను లోపలికి రానిస్తేగా!

"ఛీ ఛీ! మళ్లీ చెప్పు. ఏం తీసుకెళ్లావ్ క్లాసుకి?"

"శాంపిలక్కా. ప్రతి ఏడు ఈ ప్రాక్టికల్ గిట్లనే అయితది. ఎవలది వాళ్లే తేవాలె, ఎవలది వాళ్లే మైక్రోస్కోప్ కింద చూడాలె."

"శాంపిలేంటే, పెంట అను! పేరు మారిస్తే కంపు పోద్దా? ఎందులో తీసుకెళ్లావ్? నా టిఫిన్ బాక్సులో కాదు కదా?"

"అయ్యో, కాదక్కా! మేడమే డబ్బీలిచ్చింది."

"అచ్ఛా. ఏం కనిపించిందేంటి?"

"ఏం లే."

"అనూహ్యా..."

"గుడ్లు."

"ఏం గుడ్లు?"

"ఏలికపాములవి. మేడం అందర్ని పిలిచి చూపెట్టింది. మస్తు మంచి స్లైడంట."

"అమ్మో, డోకొస్తోంది నాకు! వానపాముల్లా ఇంతింత పొడుగుంటాయే, అవేనా? నీ కడుపులోనా?"

"ఒక్క గోలీ మింగితే పోతయక్కా. పక్కనోళ్లకు అంటవు కూడా. ఆ గుడ్లు మట్టిల కొన్ని వారాలుంటెనే..."

"పాఠం చెప్పకు నాకు! నా కంచంలో చెయ్యి పెట్టావ్, నా దుప్పటి కప్పుకున్నావ్, నా దువ్వెన..."

"దువ్వెనకేమైతది?"

"నోర్ముయ్! గోల్‌గప్పాల బండి కనిపిస్తే ఆగవుగా. చిలక్కి చెప్పినట్టు చెప్పాను. నన్ను చూసైనా నేర్చుకోవాల్సింది. పొద్దున్నే పచ్చి పాలకూర జ్యూసు. కడుపు అద్దంలా ఉంటది నాకు."

"ఆ పాలకూర కడుగుతవా అక్కా?"

"ఇప్పుడు నా పాలకూర గొడవెందుకే నీకు? సామాను సర్దు. సాయంత్రానికి గది ఖాళీ చెయ్యాలి."

"పరీక్షల ముంగట యాడికి పోవాలక్కా? ఈ ఢిల్లీల నాకెవలున్నరు?"

"ఏ గంగలోనైనా దూకు. పురుగుల పుట్టతో కాపరం నా వల్ల కాదు. ఉండు, ఓనర్ అంకుల్‌కి ఫోన్ చేస్తున్నా. ఎందుకు పంపేస్తున్నానో కూడా చెప్తా. బిల్డింగంతా తెలియాలి!"

"వద్దక్కా! ఫోన్ చెయ్యకు. నీ మంచికే చెప్తున్న."

"నా మంచా? ఛీ, దగ్గరికి రాకు! అక్కడే ఉండి చెప్పు."

"నాకు పొద్దుగాల రాలే."

"ఏం రాలేదు?"

"గదే. భయానికి. ఎంతసేపు కూసున్నా రాలే. శాంపిల్ తేకుంటే మార్కుల్లేవన్నది మేడం."

"అయితే మరి... మరి ఎవరిదే అది?"

"నాకంటే ముందు బాత్రూంల నువ్వే ఉంటివి కదక్కా. నీళ్లు బందైనయని గట్లనే ఇడిసిపెట్టి వచ్చినవు."