మూతేసిన పళ్లెం

"నానమ్మా, నీ ట్రంకుల ఒక పాత నోటుబుక్కు దొరికింది. లోపట నీ పేరు రాసుంది. ఎవరిదే ఇది?"

ఏదీ, తే ఇటు. జర ఆ కిటికీ తియ్, ఎలుగు రానీ. అయ్యో... ఇది ఇంకా ఉన్నదా? చీరల కింద నేనే పెట్టిన. పెట్టి మర్చిపోయిన. మర్చిపోయిన అంటే, మర్చిపోలే. నీకు అబద్ధం ఎందుకు చెప్పాలె.

రేపు పరీక్ష పెట్టుకొని నా ట్రంకు ఎందుకు గెలుకుతున్నవే? హాల్ టికెట్టా? అగో, దేవుని పటం కాడ ఉన్నది, పొద్దుగాల నువ్వే ఇచ్చినవు కదా దాచుమని. సరే, కూసో. చెప్పేదాక నువ్వు ఊకోవు, మీ తాత పోలిక.

ఇది రమ్యది. నీకు ఎరుకలేదు, నువ్వు అప్పుడు గింతంత పొల్లవు, ముక్కు కారుకుంట తిరిగేదానివి. మేం నల్గొండ దిక్కు నుంచి ఒచ్చి సరూర్‌నగర్ చెరువు పక్కన కిరాయికి ఉంటుంటిమి. మీ తాత లారీ మీద పోతుండె. ఆయన పోయినంక నాకేమొచ్చు, గరిటె తిప్పుడు తప్ప? దిల్‌సుఖ్‌నగర్‌ల ఆడపిల్లల హాస్టల్ల వంటకు కుదిరిన. గప్పుడు కొత్తపేట పండ్ల మార్కెట్ ఈడనే ఉండె, బత్తాయి వాసన గల్లీ దాంక ఒచ్చేది. ఇప్పుడు అది గూడ బాటసింగారం పోయింది. అన్నీ పోతయి.

ఆఁ, ఏం చెప్తున్న... హాస్టల్. అరవై మంది పిల్లలు. సగం మన దిక్కోళ్లు, సగం ఆంధ్రా దిక్కోళ్లు. వాళ్లకు పచ్చడి లేకుంటే ముద్ద దిగదు, మనోళ్లకు కారం తక్కువైతే మొకాలు మాడుతయి. గంతకు మించి తేడా నేను చూడలే.

రమ్యది గుంటూరు కాడ ఏదో పల్లె. సన్నగ, పుల్ల లెక్క ఉంటుండె. బ్యాంకు పరీక్షకు చదువుతుండె. కోచింగు అయిపోయి అది ఒచ్చేసరికి అందరు తిని చేతులు కడుక్కునేటోళ్లు. నాకు మా అమ్మ కాడి నుంచి ఒక అలవాటు. ఎంతమందికి వండినా ఒక్క పళ్లెం తీసి, మూతేసి పక్కకు పెడ్త. ఎవలో ఒకలు ఎనుకబడి ఒస్తరు కదా. ఆ పళ్లెం రోజు దానికే పోయేది.

తిని గదికి పోవచ్చు కదా? పోకపోయేది. వంటింటి గడపల కూసొని నాకు ఎల్లిగడ్డ ఒలుసుకుంట పుస్తకం చదివేది. "ఎల్లిగడ్డ కాదు పెద్దమ్మా, వెల్లుల్లి" అనేది. "నీ వెల్లుల్లి నీ గుంటూర్ల పెట్టుకో, ఈడ ఎల్లిగడ్డనే" అంటుంటి. ఇద్దరం నవ్వేటోళ్లం. కథ చెప్పమని సతాయించేది. మా ఊర్ల చెప్పుకునేది ఒకటుండె, ముసల్ది రోజు ఒక్క పిడికెడు బియ్యం ఎక్కువ పోసేది, ఎవరన్న ఒస్తరని. ఊరంత నవ్వింది. కరువొచ్చిననాడు, ఆమె కాడ తిన్న బాటసారులు తలా ఒక పిడికెడు తెచ్చి ఊరంతటికి పెట్టిండ్రు. గంతే కథ. దానికి అదే కావాలె, పదిసార్లు చెప్పిచ్చుకున్నది.

బ్యాంకోళ్లు ఇంటర్వ్యూల నీకు ఇష్టమైనయి చెప్పు అంటరట. గందుకు గీ నోటుబుక్కుల రాసుకునేది. ఇష్టమైన కథ, ఇష్టమైన మనిషి, ఇష్టమైన అలవాటు. ఏం రాసినవే అంటే, "ఉద్యోగం వచ్చాక చదివి వినిపిస్తా" అన్నది. నాకు చదువు రాదాయె.

గప్పుడే లొల్లి మొదలైంది. లొల్లి అనొద్దు, తప్పు, ఉద్యమం. బండ్ల నంబర్ల మీద ఏపీ గీకి టీజీ రాసుకున్నరు. ఆంధ్రా మెస్ అన్న బోర్డుల మీద కాయితాలు అంటిచ్చిండ్రు. మీ నాయన డిగ్రీ చేసి ఆటో నడుపుతుండె. మన కొలువులు ఎవలో పట్టుకపోతుండ్రని వాని కడుపుల మంట. నాకు లేకుండెనా? నాకూ ఉండె.

ఒకనాడు టీవీల పోలీసోళ్లు పిల్లగాండ్లను కొడుతుంటె నేను కండ్లల్ల నీళ్లు పెట్టుకున్న. రమ్య ఎల్లిగడ్డ ఒలుసుకుంట, తల గూడ ఎత్తకుండ అన్నది, "అయినా రాష్ట్రం వస్తే మీకేం మారుతుంది పెద్దమ్మా? అప్పుడూ ఇదే గరిట తిప్పుతారుగా." తెల్వక అన్నది. చిన్నపిల్ల. కాని ఆ మాట నేను మర్వలే. ఆ దినం నుంచి మాట తగ్గిచ్చిన. పళ్లెం మాత్రం పెట్టిన.

ఇగ వంటావార్పు. నడి రోడ్డు మీద పొయ్యిలు పెట్టి, ఆడనే వండి, ఆడనే తినుడు. బండ్లు కదలొద్దు, సర్కారుకు సెగ తాకాలె. ఎల్బీనగర్ చౌరస్తల పెట్టిండ్రు. మా గల్లీ పోరడే ముందల ఉండి నడిపిస్తుండె, పేరెందుకులే. "చంద్రమ్మక్కా, నీ చెయ్యి పడాలె" అన్నడు. మైకుల నా పేరు చెప్పిండు. మైకుల నా పేరు ఇన్న, ఇగ చూడు, పెయ్యంత పొంగింది నాకు. పుట్టినకాంచి నా పేరు ఎవడన్న పిలిచిండా అట్ల?

గా పొద్దే రమ్యకు పరీక్ష. నాకు ఎరుకే. హాస్టల్ల ఉప్మా చేసి, పెరుగుల చక్కెర ఏసి దాని నోట్లె పెట్టిన నేనే. పంతం ఎంతున్నా పరీక్షకు పోయే పిల్లకు పెట్టకుండ ఉంటమా? "ఇదే ఆఖరుసారి పెద్దమ్మా, ఇది రాకపోతే ఇంటికొచ్చేయమన్నారు నాన్న" అన్నది. పెట్టి, నేను చౌరస్తకు పోయిన.

పప్పు ఉడుకుతున్నది. ఆటోల ఒచ్చింది అది. పరీక్ష హయత్‌నగర్ దాటినంక ఏదో కాలేజీల. ఆటోను ఆపిండ్రు. హాల్ టికెట్ తీసి అందరికి చూపిస్తున్నది. ఆ పోరడు చెడ్డగ ఏమనలే, నిజం చెప్పాలె. "పరీక్ష పిల్లలను ఇడుస్తున్నం చెల్లె. కాని పొద్దటి నుంచి పరీక్ష అని చెప్పి ఎవలెవలో దాటుతుండ్రు. ఈడోళ్లు ఒక్కరన్న నువ్వు ఎరుకే అంటే పో" అన్నడు.

అది అటు ఇటు చూసింది. నేను కనబడ్డ. దాని మొకం ఎట్లయిందో తెల్సా, తప్పిపోయిన పొల్లకు తల్లి దొరికినట్టు. "అదిగో మా పెద్దమ్మ! చంద్రమ్మ గారు! ఆవిడ్ని అడగండి!" అని గట్టిగ ఒర్లింది. ఆ మాట తీరు ఇని అందరు మల్లిండ్రు. ముందు దాని దిక్కు చూసిండ్రు, ఎనుక నా దిక్కు. నా పక్కపొంటి ఎవలో అన్నరు, "ఓహో, గీమె వండి పెట్టేది వాళ్లకేనా."

"అక్కా, గీ పిల్ల నీకు ఎరుకేనా?" అన్నడు పోరడు.

ఎరుకలేదు అన్న.

గంతే బిడ్డా. ఎవడు నా గొంతు పట్టలే, ఎవడు బెదిరిచ్చలే. మైకుల పేరు పోతదని అన్న. దాని మాట ఇంకా మనసుల ఉండె, గందుకూ అన్న. అది ఏడ్వలే. నన్ను ఒక్కసారి చూసి, ఆటోను ఆడనే ఇడిచి, చెప్పులు చేతుల పట్టుకొని ఎండల ఉరికింది.

ఆ పొద్దు నా పప్పు మస్తు కుదిరింది. అందరు మెచ్చుకున్నరు. నాకు ముద్ద దిగలే.

సాయంత్రం హాస్టల్ల పళ్లెం తీసి మూతేసి పెట్టిన. ఒచ్చింది. కాళ్లు పొక్కులు. అది పోయేసరికే గేటు మూసిండ్రట. పళ్లెం దాని ముందలికి జరిపిన. మూత తీసి చూసింది. మళ్ల మూతేసింది. "ఎవరైనా మీకు తెలిసినవాళ్లు వస్తే పెట్టండి పెద్దమ్మా" అన్నది. తెల్లారి పెట్టె పట్టుకొని పోయింది. ఎల్లిగడ్డ బుట్ట కింద ఈ నోటుబుక్కు ఉండె. మర్చిపోయిందో, ఇడిచిపెట్టిందో.

రాష్ట్రం ఒచ్చింది. ఒచ్చిననాడు నేను గూడ రంగులు చల్లుకున్న, ఎగిరిన. ఒద్దనను, రావాల్సిందే. కాని మీ నాయన ఆటో ఆటోనే. నేను మోకాళ్లు అరిగేదాక అదే గరిటె తిప్పిన. ఆ పిల్ల అన్నదే అయింది చూడు. ఆ పోరనికి మాత్రం తుర్కయంజాల్ దిక్కు ప్లాట్లు, కారు. మొన్న మీ నాయన పని గురించి అడుగుదామని కారు కాడికి పోతే, "ఎవలమ్మా నువ్వు?" అన్నడు. నాకు కోపం రాలే. ఏ మొకంతోని కోప్పడాలె?

ఒద్దు, చదువకు. నాకు ఎరుకే అండ్ల ఏమున్నదో. మీ నాయనతోని ఒక్కసారి చదివిచ్చిన, ఎనుక ఎవలను ముట్టనియ్యలే. ఇష్టమైన కథ ముసల్దాని పిడికెడు బియ్యం. ఇష్టమైన అలవాటు గడపలో కూర్చుని వెల్లుల్లి ఒలవడం. ఇష్టమైన మనిషి... "మా హాస్టల్ చంద్రమ్మ పెద్దమ్మ. ఎంత ఆలస్యంగా వెళ్లినా నాకు పళ్లెం ఉంటుంది. ఈ ఊళ్లో నేను ఎవరికీ తెలియకపోయినా ఆవిడకి తెలుసు."

చాలు, మూసెయ్. అండ్లనే పెట్టు, చీరల కింద.

మంచిగ రాయి బిడ్డా. పైకి రావాలె నువ్వు. ఏ ఊరికి పోయినా, ఏ చౌరస్తల ఆగిపోయినా, గీ పిల్ల నాకు ఎరుకే అనేటోళ్లు ఒక్కలన్న దొరకాలె నీకు. నా అసుంటిది ఎదురు రావద్దు. పో, పండుకో. పెరుగు తోడేసిన. పొద్దుగాల చక్కెర ఏసుకొని నువ్వే తిని పో. నా చేతితోని ఒద్దు.