కంచె లోపలి నీటికుక్క

త్రెబోన్ ఊరి అవతల చెరువు గట్టు మీద, క్రిస్మస్ విందుకి అమ్మే కార్ప్ చేపలు పట్టడానికి ఇంకా నెల ఉందనగా, చేపల రైతు బోహుస్లావూ వన్యప్రాణి శాఖ నుంచి వచ్చిన అమ్మాయీ మాట్లాడుకుంటున్నారు.

"కంచె వేస్తే నీటికుక్క రాదన్నాను కదండీ. వేశారా?"

"చెరువు చుట్టూ వేశానమ్మా, కరెంటు తీగతో సహా."

"మరి చేపలు ఇంకా పోతున్నాయంటున్నారు?"

"అది బయట నుంచి రావడం లేదు. కంచె వేసే నాటికే లోపల ఉంది. గట్టు బొరియలో రెండు పిల్లల్ని కూడా పెట్టింది."

"విషం గానీ పెట్టలేదు కదా?"

"పెడదామనే వెళ్ళాను. పిల్లను నోట కరుచుకుని నా కాళ్ళ ముందు నుంచే పోయింది. చెయ్యి రాలేదు. ఈ సంగతి పక్క చెరువాయనకి చెప్పకు, నవ్విపోతాడు."

"చెప్పనులెండి. పిల్లలు ఎదిగాక కంచెకి ఒకచోట దారి తీయండి. తల్లే వాటిని వెంటేసుకుని పోతుంది."

"ఎదగడమంటే?"

"సొంతంగా చేపలు పట్టడం రావాలి."

"అది ఎక్కడ నేర్చుకుంటాయి?"

ఆ అమ్మాయి చెరువు వంక చూసింది. బోహుస్లావ్ కూడా అటే చూశాడు.

"ఆ మూల నీళ్ళు లోతు తక్కువ. చిన్న చేపలు కొన్ని అక్కడ వదులుతాలే. పెద్దవాటితో మొదలుపెడితే పిల్లలకి కష్టం."