బావగారి పరిచయం పేజీ

ముందుగది మూలలో, ఇస్త్రీ బట్టల గుట్ట పక్కనే ఆమె ఆఫీసు. అడిగినవాళ్లకు వెబ్‌సైట్లు చేసిపెడుతుంది. ఇప్పుడు అక్క మొగుడు బ్లాగు చేయించుకుంటూ, ఆమె కుర్చీ వెనకే నిలబడి ఉన్నాడు.

“ఆ నీలం ఇంకాస్త ముదురు చెయ్యమ్మా.”

“నిన్నే కదా బావా, లేత చెయ్యమన్నారు?”

“లేత నీలంలో నా మొహం వెలిసిపోయినట్టుంది.”

“మొహం ఇప్పటికే సగం పేజీ ఉంది. ఇంకా పెంచితే చెవులు బయటికి పోతాయి. అది సరే, మీ గురించి రాసిస్తానన్నారు, ఏదీ?”

“ముందు రంగు తేలనీ! నేను ఊరంతా లింకు పంపేశాను, తెలుసా?”

“విన్నాను. ఏమంటున్నారంతా?”

“ఒకటే పొగడ్తలు! నా పరిచయం ఉన్నదున్నట్టు ఉందట.”

“మీరు చదివారా?”

“నా గురించి నేను చదువుకోవడమేంటి?”

“పేజీ బోసిగా ఉండకూడదని అందరికీ నేనే ఏదో ఒకటి రాసి పెడతాను బావా. తర్వాత వాళ్లు అది తీసేసి సొంతంగా రాసుకుంటారు.”

“నాకేం రాశావ్?”

“‘ఈయన ఏ పనైనా ఉత్సాహంగా మొదలుపెడతారు. పూర్తిచేసిన దాఖలాలు లేవు. సలహాలు మాత్రం ఉచితం.’”

“ఓరి దేవుడా! తీసెయ్, ముందు అది తీసెయ్!”

“తీసేసేదాన్నే. పొద్దున్నే అక్క ఫోన్ చేసింది.”

“ఏమంది?”

“రంగు మీ ఇష్టమట. ఆ ముక్కల జోలికి వెళితే మాత్రం ఊరుకోదట.”