అర్ధం కాలేదు

బోర్డు మీటింగ్‌కి ఇంకా పావుగంట ఉంది. కంపెనీ కోసం కొత్త ప్రోగ్రామింగ్ భాష తయారుచేసిన పెద్దాయన బల్ల దగ్గరికి డైరెక్టరమ్మ ఫైలు పట్టుకుని వచ్చింది.

“గురువుగారూ, మీ భాష సోర్స్ కోడ్ అందరికీ ఉచితంగా ఇచ్చేస్తే పోటీవాళ్ళు ఎత్తుకుపోతారని బోర్డు భయం.”

“ఎత్తుకోనివ్వండి మేడమ్! నా భాష మూడేళ్ళ పిల్ల, నేను తప్ప ఇంతవరకూ ఎవరూ ఎత్తుకోలేదు. సోర్స్ అంటే మూలం. మూలం దాచిపెడితే మూలన పడుతుంది. అప్పుడు నాకు మిగిలేది మూలుగే.”

“మీ మాటలకేం గానీ, వాడేవాళ్ళు ఎంతమందని అడుగుతారు.”

“సందేహాల పేజీలో పదకొండుమంది ప్రశ్నలు వేశారుగా. అందరికీ జవాబులిచ్చాను.”

“చదివాను. పదకొండుమందీ ‘అర్థం కాలేదు’లో థ బదులు ధ రాశారు. మీ జవాబుల్లోనూ అదే ధ.”

పెద్దాయన తెరమీది సందేహాల పేజీ మూసేశాడు.

“ఈ ఆఫీసులో అలా రాసేది మీరొక్కరే కదండీ.”

“అర్ధమంటే సగం కదా మేడమ్. అడిగేవాడు సగం, చెప్పేవాడు సగం. రెండు సగాలూ నేనే అయ్యాను. మాట్లాడేవాళ్ళే లేకపోతే అది భాషెలా అవుతుంది?”

“బోర్డుకి నేను అబద్ధం చెప్పలేను.”

“వాడేది ఒక్కడేనని చెప్పండి. కోడ్‌కి తలుపులు మూసే ఉంచుతారు.”

“ఒక్కరేనని చెప్పి, అందుకే తెరవమని అడుగుతాను. ఆ కుర్చీ ఇలా జరపండి. మొదటి పాఠం ఏమిటి?”

“‘అర్ధం కాలేదు’ అనడమే మేడమ్. మూడేళ్ళుగా ఆ ఒక్క మాట ఎవరైనా అంటారేమోనని చూస్తున్నాను.”